11-51 కాసెట్ రివ్యూ: ఎవరికి పనికొస్తుంది, ఎలా సెట్ చేయాలి

చేతిలో ఉన్నది షిమానో డియోర్ ఎం5100 కాసెట్, అంటే సైకిల్ వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల గుత్తి. 11 స్పీడ్, అంటే 11 గేర్లు; అతి చిన్న పళ్ల చక్రానికి 11 పళ్లు, అతి పెద్దదానికి 51. ముందు, పెడల్ దగ్గర, 32 పళ్ల చైన్‌రింగ్ (పళ్ల చక్రం) ఒక్కటే. 29 అంగుళాల చక్రంతో, 51 మీద పెడల్ ఒక చుట్టు తిప్పితే సైకిల్ సుమారు 1.44 మీటర్లు కదులుతుంది. అతి పెద్దది 42 పళ్లదైన 11-42 కాసెట్‌లో 42 మీదైతే 1.75. నిట్టనిలువు ఎక్కుడులో ఆ తేడా మోకాళ్లకు తెలుస్తుందండి.

కాకపోతే మధ్య గేర్లు దూరందూరంగా ఉంటాయి. ఇందులో 15 తర్వాత నేరుగా 18, ఆపైన 21. 11-42లో 15, 17, 19, 21 అని దగ్గరగా వస్తాయి. ఎక్కువగా చదును రోడ్డు మీదే తొక్కేవాళ్లు ఇది కొనొద్దు. 11-42 పెట్టుకుని, చైన్‌రింగ్ 30కి తగ్గించుకుంటే చాలు.

ఇక బిగింపు. మామూలు హెచ్‌జీ (షిమానో రకం) ఫ్రీహబ్, అంటే వెనక హబ్‌లో కాసెట్ కూర్చునే భాగం, మీదే ఎక్కుతుంది. హబ్ 11 స్పీడ్ రోడ్డు రకమైతే ముందు 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ (పలుచని రింగు) వేయాలి, లేదంటే లాక్‌రింగ్ (కాసెట్‌ను పట్టి ఉంచే మర రింగు) బిగించినా కాసెట్ ఊగుతుంది. లాక్‌రింగ్‌ని 40 న్యూటన్ మీటర్ల బిగువుతో బిగించాలి. డెరైలర్ (చైన్‌ను ఒక పళ్ల చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే భాగం) 51 పళ్లకు చేసిందే కావాలి. షిఫ్టర్ (హ్యాండిల్ మీద గేర్ మార్చే మీట) కూడా ఎంటీబీ, అంటే మౌంటెన్ బైక్, 11 స్పీడ్‌దే ఉండాలి, రోడ్డు షిఫ్టర్ కేబుల్ లాగే కొలత వేరు.

పాత చైన్ అలాగే ఉంచేయకండి, అసలు ప్రమాదం అక్కడే. చైన్‌ను డెరైలర్‌లోంచి పోనివ్వకుండా 32 మీద, 51 మీద చుట్టండి. కొసలు కలిసే చోటికి కనీసం ఇంకో అంగుళం, అంటే ఒక లోపలి లింకు, ఒక బయటి లింకు కలపండి. వెనక సస్పెన్షన్ ఉంటే షాక్‌లో గాలి తీసేసి, వెనక ఇరుసు క్రాంక్‌కి (పెడళ్లు తిరిగే భాగానికి) బాగా దూరమయ్యే చోట కొలవాలి. చైన్ పొట్టిదై 51 మీదికి ఎక్కిందా, హ్యాంగర్ (డెరైలర్‌ను ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ముక్క) వంగుతుంది, డెరైలర్ చువ్వల్లో చిక్కుకుంటుంది.

హ్యాంగర్ తిన్నగా ఉందని చూసుకుని, లిమిట్ స్క్రూలు (డెరైలర్ ఎంతవరకు జరగాలో హద్దు పెట్టేవి) సెట్ చేశాకే బీ-స్క్రూ (డెరైలర్‌కీ కాసెట్‌కీ మధ్య ఖాళీ మార్చేది) ముట్టుకోండి. చైన్ 51 మీద ఉండగా, డెరైలర్‌లోని పై పుల్లీకీ (చిన్న చక్రానికీ) ఆ పళ్లకీ మధ్య 5 నుంచి 6 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. తగ్గితే పుల్లీ పళ్లకు రాసుకుని గరగరమంటుంది. పెరిగితే చిన్న పళ్ల దగ్గర గేర్ ఆలస్యంగా పడుతుంది. సస్పెన్షన్ సైకిల్‌కి మనిషి కూర్చున్నప్పుడే ఈ ఖాళీ కొలవాలి, బరువు పడితే అది మారిపోతుంది.

అప్పటికీ 45 నుంచి 51కి ఎక్కకపోతే ముందు లో లిమిట్ స్క్రూ (పెద్ద పళ్ల వైపు హద్దు పెట్టేది) పావు చుట్టు వదులు చేయండి. ఆ తర్వాతే కేబుల్ బిగువు చూడండి.