తొక్కగానే నీళ్లు నమిలే పాత ఫోర్డ్ పికప్: కొత్త కార్బురేటర్ కొనే ముందు ఇవి చూడండి

అందరికీ నమస్కారం. టెక్సస్‌లో మా ఇంటి గరాజ్ నుంచి మాట్లాడుతున్నాను. నా వెనకాల ఉన్నది 1979 ఫోర్డ్ ఎఫ్-100 పికప్. 302 వీ8 ఇంజన్ (302 క్యూబిక్ అంగుళాలు, ఎనిమిది సిలిండర్లు), దాని మీద మోటార్‌క్రాఫ్ట్ 2150 కార్బురేటర్, అంటే గాలిలో పెట్రోల్ కలిపి ఇంజన్‌కి పంపేది. గాలి లోపలికి వెళ్లే గొంతులు దీనికి రెండు. ఇక్కడ గ్యాస్ అంటారు గానీ, నేను పెట్రోల్ అనే అంటాను.

జబ్బు ఏమిటంటే, ఐడిల్‌లో, అంటే పెడల్ తొక్కకుండా ఇంజన్ ఊరికే నడుస్తున్నప్పుడు, బండి బాగానే ఉంటుంది. నిదానంగా తొక్కితే సాఫీగా పోతుంది. స్టాప్ సైన్ దగ్గర ఆగి గట్టిగా తొక్కామా, ఒక్క క్షణం నీళ్లు నములుతుంది, అంటే తడబడుతుంది, ఆ తర్వాత ఒక్క కుదుపుతో అందుకుంటుంది. పోయిన నెల ఎడమకు తిరుగుతుంటే నడిరోడ్డు మీద ఇలాగే చేసింది. ఎదురుగా పెద్ద ట్రక్కు వస్తోంది, పక్కన మా ఆవిడ ఉంది. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు. అందుకే, చిన్న ఇబ్బందే కదా అని దీన్ని వదిలేయొద్దని చెబుతున్నాను.

అసలు ఎందుకు ఇలా అవుతుందో ముందు చూద్దాం. పెడల్ తొక్కగానే బటర్‌ఫ్లైలు, అంటే గొంతుల్లో గాలిని అడ్డుకునే రేకులు, తెరుచుకుంటాయి. గాలి తేలిక కాబట్టి వెంటనే లోపలికి దూసుకుపోతుంది. పెట్రోల్ బరువు, అంత త్వరగా కదలదు. ఆ కాస్త సందులో ఇంజన్‌కి గాలి ఎక్కువై, పెట్రోల్ తక్కువవుతుంది. ఆ లోటు పూడ్చడానికే కార్బురేటర్‌లో యాక్సిలరేటర్ పంప్ పెట్టారు. పెడల్ కదిలిన మరుక్షణం అది పెట్రోల్‌ని పిచికారీ కొట్టాలి.

కొడుతుందో లేదో కళ్లతోనే చూడొచ్చు. ఇంజన్ కాసేపు నడిపి ఆపేయండి. ఎయిర్ క్లీనర్ తీసేయండి. చుట్టుపక్కల నిప్పు ఉండకూడదు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా పెట్టుకోండి. ఇంజన్ నడుస్తుండగా మాత్రం కార్బురేటర్ పైన ముఖం పెట్టొద్దు, బ్యాక్‌ఫైర్ అయితే, అంటే లోపలి మంట వెనక్కి తంతే, పైకి వస్తుంది. చోక్ ప్లేట్‌ని (చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యేందుకు గాలిని తగ్గించే పైరేకు) వేలితో తెరిచి పట్టుకుని, థ్రాటిల్ లింకేజ్‌ని (పెడల్ లాగితే బటర్‌ఫ్లైలని తిప్పే కడ్డీ) చేత్తో తిప్పండి. ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. మధ్యలో ఉన్న ముక్క నుంచి రెండు గొంతుల్లోకి రెండు సన్నని ధారలు రావాలి. లింకేజ్ కదలడం, ధార రావడం ఒకేసారి జరగాలి. నా బండిలో చూడండి: ఎడమ వైపు ధార ఉంది, కుడి వైపు చుక్కలే. అదీ సగం దూరం తిప్పాక.

ఒక మాట. బండిని వారాల తరబడి ఎండలో నిలబెట్టి ఉంటే కార్బురేటర్ గిన్నెలో పెట్రోల్ ఆవిరైపోయి ఉంటుంది. అప్పుడు ధార రాకపోతే పంప్‌ది తప్పు కాదు. అందుకే ముందు ఇంజన్ నడపమన్నాను.

పంప్ కార్బురేటర్ ముందు వైపు ఉంటుంది, నాలుగు స్క్రూలు. విప్పకముందే పంప్‌ని కదిలించే రాడ్ ఏ రంధ్రంలో ఉందో ఫోటో తీసుకోండి. కింద గుడ్డ పెట్టండి, పెట్రోల్ కారుతుంది. కవర్ తీయగానే డయాఫ్రమ్ (పెట్రోల్‌ని నెట్టే పలచని రబ్బరు పొర), దాని వెనక స్ప్రింగ్ వస్తాయి. ఈ పాత డయాఫ్రమ్‌ని వెలుతురుకి పట్టి చూపిస్తాను. అంచు దగ్గర వెంట్రుక మందాన చీలిక కనబడుతోందా? రబ్బరు ఎండిన అప్పడంలా గట్టిపడింది. ఇక్కడ బంకుల్లో అమ్మే పెట్రోల్‌లో చాలావరకు 10 శాతం ఇథనాల్ కలుస్తుంది, పాతకాలం రబ్బరు దానికి తట్టుకోదు. కొనేటప్పుడు ఇథనాల్‌కి తట్టుకునే కిట్ అడిగి తీసుకోండి.

అదే గదిలో గొడుగు ఆకారంలో చిన్న రబ్బరు వాల్వ్ ఉంటుంది. లాగితే దాని తోక తెగి గిన్నెలో పడిపోవచ్చు. పైమూత తీసి ఆ ముక్కని తప్పకుండా బయటికి తీయండి. మూత తీశాం కాబట్టి, ధారలు వచ్చే ఆ మధ్య ముక్క మీది స్క్రూ కూడా విప్పి పిచికారీ రంధ్రాలు క్లీనర్‌తో కడగండి. నా కుడి వైపు రంధ్రంలో పచ్చని మట్టి పేరుకుపోయి ఉంది. ఆ స్క్రూ కింద చిన్న బాల్ ఉంటుంది. అది ఇంజన్‌లోకి జారితే పెద్ద పని పడుతుంది, కాబట్టి రెండు గొంతుల్లోనూ గుడ్డ కుక్కి పని చేయండి. తిరిగి బిగించేటప్పుడు నాలుగు స్క్రూలు వేళ్లతో వదులుగా పెట్టి, పంప్ లీవర్‌ని పూర్తిగా నొక్కిపట్టి అప్పుడు బిగించండి. డయాఫ్రమ్ ముడత పడకుండా కూర్చుంటుంది.

ధారలు రెండూ బాగుండి కూడా తడబడితే, డిస్ట్రిబ్యూటర్ చూడండి, అంటే స్పార్క్ ప్లగ్‌లకి కరెంటు వంతులవారీగా పంచేది. దాని పక్కన గుండ్రని డబ్బా, దానికి ఒక సన్నని వాక్యూమ్ పైపు ఉంటాయి. పైపు పీకి, డబ్బాకి చేతి వాక్యూమ్ పంప్ తగిలించి లాగండి. డిస్ట్రిబ్యూటర్ లోపలి ప్లేటు కదలాలి, చేతి పంప్ మీది ముల్లు నిలబడాలి. ముల్లు పడిపోతే ఆ డబ్బాలో ఉన్న డయాఫ్రమ్ చిరిగినట్టే. నేను మొదట దీన్ని చూడకుండా రీబిల్ట్ కార్బురేటర్ కొన్నాను, డబ్బు పోయింది, తడబాటు అలాగే ఉంది. చివరికి చూస్తే ఈ పైపు చివర పగిలి ఉంది. పైపు మార్చాక సగం తగ్గింది, మిగతా సగం ఇవాళ మీరు చూసిన పంప్‌ది. టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, సెట్ చేసేటప్పుడు ఈ పైపు తీసి మూసేయడం మర్చిపోకండి. ఎన్ని డిగ్రీలు పెట్టాలో మీ బండి బానెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది, పక్కవాడి బండి అంకె పెట్టొద్దు.

కార్బురేటర్ కింద గ్యాస్‌కెట్ (సందు మూసే పలచని అట్ట) దగ్గర గాలి పీల్చినా ఇదే జబ్బు, కాకపోతే ఐడిల్ కూడా ఒణుకుతుంది. వాక్యూమ్ గేజ్ పెడితే మంచి ఇంజన్‌లో ముల్లు ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం కొలతలో) మధ్య కదలకుండా నిలుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు మాత్రమే తడబడితే చోక్ తొందరగా తెరుచుకుంటోందేమో చూడండి. హైవే మీద స్పీడులో నీరసపడితే అది వేరే సంగతి, ఫ్యూయల్ ఫిల్టర్, ఫ్యూయల్ పంప్ చూడాలి.

ఇప్పుడు స్టార్ట్ చేస్తున్నాను. ఇంజన్ వేడెక్కింది. వీధి చివర స్టాప్ సైన్ దాకా వెళ్దాం. పూర్తిగా ఆపాను. తొక్కుతున్నాను... విన్నారా? కుదుపు లేదు. ఇంకోసారి, ఈసారి ఎడమకు తిరుగుతూ తొక్కుతాను.