నల్లలో నల్ల చిల్లు: టార్గెట్ మీద దెబ్బ ఎక్కడ పడిందో కనిపించేదెలా?

(దృశ్యం: షూటింగ్ రేంజ్. కాల్చే గీత దగ్గర కెమెరా. దూరంగా కాగితం టార్గెట్.)

నమస్కారమండీ. ఆ టార్గెట్ ఇక్కడికి 25 మీటర్ల దూరంలో ఉంది. ఇప్పుడే .22 రైఫిల్‌తో ఐదు రౌండ్లు కాల్చాను. తెల్లభాగంలో ఒక చుక్క లీలగా కనిపిస్తోంది కదా, అది ఒకటి. మిగతా నాలుగు ఏవి?

(దృశ్యం: టార్గెట్ దగ్గరి నుంచి. నల్ల వృత్తంలో నాలుగు చిల్లులు.)

నాలుగూ నల్లలోనే ఉన్నాయి. అంటే బాగా కాల్చినవే కనబడట్లేదు, గురి తప్పింది మాత్రం దర్జాగా కనబడుతోంది!

కాలేజీలో ఉండగా ఎన్‌సీసీ క్యాంపులో మొదటిసారి ఫైరింగ్‌కి వెళ్ళాను. నాకిచ్చింది ఐదు రౌండ్లు. కాగితం తెచ్చి చూస్తే ఏడు చిల్లులు. మా పీఐ స్టాఫ్ సార్, అంటే మాకు శిక్షణ ఇచ్చే ఆయన, కాగితాన్ని ఒకసారి, నన్నొకసారి చూసి, "ఐదు తూటాలతో ఏడు చిల్లులా? నీకు మెడల్ ఇవ్వాల్సిందే" అన్నారు. తీరా చూస్తే ముందు డీటైల్ వాళ్ళు, అంటే నాకంటే ముందు కాల్చిన జట్టు, చేసిన రెండు చిల్లులకి ఎవరూ ప్యాచ్ వెయ్యలేదు, అంటే కాగితం ముక్క అంటించి మూయలేదు. నా ఐదూ ఏవో, వాళ్ళ రెండూ ఏవో తేల్చే దారి లేదు. నా గ్రూపింగ్, అంటే ఐదూ ఎంత దగ్గరగా పడ్డాయన్నది, లెక్కలోకి రాలేదు.

అందుకే ఈ వీడియోలో రెండు విషయాలు చెబుతాను. చిల్లు కనిపించడం ఒకటి, ఏ చిల్లు ఎప్పటిదో తెలియడం ఇంకొకటి. చాలామంది మొదటిదాని కోసం డబ్బు ఖర్చు పెట్టి రెండోదాన్ని వదిలేస్తారు.

(తెర మీద: కన్ను, దాని నుంచి టార్గెట్‌కి గీతలు.)

ముందు కంటి సంగతి. మామూలు చూపున్న మనిషికి 25 మీటర్ల దూరంలో సుమారు 7 మిల్లీమీటర్ల వివరం దాకా విడిగా తెలుస్తుంది. .22 తూటా వెడల్పు 5.6 మిల్లీమీటర్లే. పైగా తూటా దూరాక కాగితం అంచులు కాస్త వెనక్కి ముడుచుకుంటాయి, చిల్లు తూటా కంటే చిన్నదవుతుంది. సరే, దూరం వల్లే అనుకుందాం. మరి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ సంగతేంటి? అక్కడ 3 మిల్లీమీటర్ల వివరం కూడా తెలియాలి. దాని పెల్లెట్, అంటే చిన్న సీసపు గుండు, 4.5 మిల్లీమీటర్లు. తెల్ల కాగితం మీద అయితే చక్కగా కనిపిస్తుంది, నల్లలో పడితే మాయం. కాబట్టి తప్పు మీ కంటిది కాదు, రంగుది. చిల్లులోంచి మనకి కనిపించేది దాని వెనకున్న చీకటి. నలుపులో చీకటి ఎలా కనిపిస్తుంది?

ఇక్కడ అందరికీ ఒకే ఐడియా వస్తుంది. నాకూ వచ్చింది. టార్గెట్ వెనక తెల్ల అట్ట పెడితే సరిపోతుంది కదా అని.

(దృశ్యం: టార్గెట్ వెనక తెల్ల అట్ట అతికించడం. ఒక షాట్. చిల్లు నల్లగానే ఉంది.)

సరిపోలేదు. ఎందుకంటే తూటా ఆ అట్టని కూడా పొడుచుకుని పోయింది! అట్టని నాలుగు వేళ్ళ దూరం వెనక్కి జరిపినా అంతే. మన కన్ను తుపాకీ వెనకే ఉంటుంది, తూటా వెళ్ళిన దారిలోనే మనమూ చూస్తాం. ముందు చిల్లు, వెనక చిల్లు ఒకే వరసలోకి వస్తాయి. వెనక వెలుగుండాలి, లేదంటే తూటా తగిలినా చిల్లు పడనిది ఏదైనా ఉండాలి. ఆరుబయట రేంజ్‌లో ఇది ఊరికే దొరుకుతుంది. టార్గెట్ వెనకున్న మట్టికట్ట మీద ఎండ పడుతుంటే నల్లలో చిల్లు మెరిసే చుక్కలా కనబడుతుంది. అదే కట్ట నీడలోకి వెళ్ళిందా, పొద్దున కనిపించిన చిల్లులు సాయంత్రానికి కనబడవు. తుపాకీ అదే, కళ్ళు అవే. లోపలి రేంజ్‌లో అయితే వెనకున్న ఇనప పలకకి తెల్ల రంగు వేసి, పక్కనుంచి దాని మీద ఒక చిన్న ఎల్ఈడీ దీపం పడేలా పెట్టండి. దీపం మాత్రం తూటా దారికి బాగా పక్కగా ఉండాలి. ఒక దీపం పగిలాకే నాకు ఈ జ్ఞానం వచ్చింది.

రెండో దారి, చిల్లునే పెద్దది చేసి చూపించడం. ఇది కొత్తదేం కాదు. 19వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండ్‌లో వింబుల్డన్ మైదానంలో రైఫిల్ పోటీలు జరిగేవి. ఇప్పుడు మనకి వింబుల్డన్ అంటే టెన్నిసే గుర్తొస్తుంది అనుకోండి. అక్కడ టార్గెట్లు ఇనప పలకలు, వాటికి తెల్ల పూత. సీసపు తూటా తగిలి చితికి మరకలా పరుచుకునేది. చూసేవాడు స్కోరు చెప్పాక దాని మీద మళ్ళీ బ్రష్‌తో పూత వేసేవాడు. అంటే సున్నం వేసిన గోడ మీద బురద బంతి విసిరినట్టన్నమాట.

(దృశ్యం: స్ప్లాటర్ టార్గెట్. షాట్ తగలగానే పసుపు పచ్చ వలయం.)

ఇప్పుడు అమ్ముతున్న స్ప్లాటర్ టార్గెట్ దాన్ని తిరగేసిన రూపం. అడుగున కళ్ళు జిగేల్‌మనే పసుపు పచ్చ, పైన సరిగ్గా అంటుకోని నల్ల పూత. తూటా తగిలిన చోట చుట్టూ పూత పెచ్చులా రాలి పసుపు వలయం బయటపడుతుంది. ఖరీదెక్కువ అనిపిస్తే ఇంట్లోనే చేసుకోవచ్చు. ఫ్లోరోసెంట్ చార్ట్ కాగితం తీసుకోండి. దాని మీద పార్శిల్ టేప్, మెరిసే ప్లాస్టిక్ రకం, ముడతల్లేకుండా అంటించండి. దాని మీద నల్ల మ్యాట్ స్ప్రే పెయింట్ ఒక్క పూత. రెండు పూతలు వేస్తే రాలదు, ఊరికే చిల్లు పడి ఊరుకుంటుంది. పెయింట్ ఆరుబయట కొట్టండి, బాగా ఆరనివ్వండి. ఎయిర్ పిస్టల్ పెల్లెట్‌కి రాలుడు కొంచెమే ఉంటుంది, .22కి బాగుంటుంది.

ఒక్క ఇబ్బంది ఉంది. వలయం చిల్లు కంటే చాలా పెద్దది కాబట్టి గ్రూప్ బాగా దగ్గరగా పడితే అన్నీ కలిసి ఒక పసుపు మచ్చ అయిపోతుంది. సైట్లు, అంటే తుపాకీ మీద గురి చూసే అమరిక, సరిచేసుకోవడానికి ఇది బంగారం లాంటిది. స్కోరు లెక్కకి పనికిరాదు. స్కోరులో చిల్లు వలయం గీతని తాకిందా లేదా అన్నదే గొడవ. ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో 10 అన్నది అర మిల్లీమీటర్ చుక్క! కాగితం పోటీల్లో అనుమానమొస్తే చిల్లులో గేజ్ అనే కొలత పరికరం పెట్టి చూసేవారు. పెల్లెట్ ముక్కు చదునుగా ఉండేదీ అందుకే. గుండ్రటి ముక్కు కాగితాన్ని చింపుతుంది, చదును ముక్కు పంచింగ్ మెషీన్‌లా గుండ్రంగా కోస్తుంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచిన స్కోరు 701.1. ఆ చివరి దశాంశం ఎలక్ట్రానిక్ టార్గెట్ చలవే.

300 మీటర్లలో, ఎలక్ట్రానిక్ టార్గెట్ లేని చోట, పైన చెప్పిన ఉపాయాలేవీ నడవవు. అక్కడ టార్గెట్ కింద గోతిలో, గోడ చాటున మనుషులుంటారు. ఒక షాట్ పడగానే టార్గెట్‌ని కిందకి దించి, చిల్లులో రంగు బిళ్ళ గుచ్చి, పాత చిల్లుకి ప్యాచ్ వేసి పైకి లేపుతారు. షూటర్‌కి స్కోప్‌లో, అంటే దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపే గొట్టంలో, కనిపించేది చిల్లు కాదు, ఆ బిళ్ళ.

(దృశ్యం: స్టిక్కర్ల రోల్, టార్గెట్ మీద అతికించడం.)

ఇక ప్యాచ్‌ల సంగతి. నాకు ఏడు చిల్లుల అనుభవం ఉంది కాబట్టి దీని మీద కాస్త గట్టిగానే మాట్లాడతాను. నల్లలో పడిన చిల్లుకి నల్ల స్టిక్కర్, తెల్లలో పడినదానికి తెల్లది. ఖర్చు తగ్గించుకోవాలంటే కాగితం ముక్కలు, మైదా బంక చాలు. అయితే ప్యాచ్ వేసే ముందు రేంజ్ మొత్తం ఫైరింగ్ ఆపాలి. తుపాకులన్నీ ఖాళీ చేసి, బోల్ట్, అంటే తూటా పెట్టే చోటుని మూసే కడ్డీ, తెరిచి కింద పెట్టాలి. రేంజ్ ఆఫీసర్ చెప్పాకే ముందుకి నడవాలి. ఎవరైనా తుపాకీ ముట్టుకుంటే వెనక్కి వచ్చేయండి, మొహమాటపడకండి.

ప్యాచ్ వేయకుండా అదే కాగితం మీద ఇంకో ఐదు కాల్చాలంటే పెన్ను తీయండి. మొదటి ఐదింటి చుట్టూ నీలం సున్నాలు, తర్వాతి ఐదింటి చుట్టూ ఎరుపు. సున్నా చిల్లు అంచుని తాకకూడదు, చుట్టూ కాస్త ఖాళీ వదలండి. ఇంకా ఓపికుంటే, ఒక్కో షాట్‌కీ స్కోప్‌లో చూసి నోట్‌బుక్‌లో చిన్న బొమ్మ వేసి వరస నంబర్ రాసుకోండి. నాలుగోది ఎప్పుడూ కిందకే పడుతోందంటే అది సైట్ తప్పు కాకపోవచ్చు, ఊపిరి తప్పు కావచ్చు. నంబర్లు లేకపోతే ఇది తెలియదు.

కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ళు మాత్రం ప్రతి షాట్‌కీ స్కోప్‌లోకి దూరకండి. ఒకటి ఎడమకి పడిందని రెండోది కుడికి కాలుస్తారు, మూడోదానికి టెన్షన్ మొదలవుతుంది. ఐదూ కాల్చేదాకా నల్లలో చిల్లు కనిపించకపోవడమే మీకు మంచిది.

(దృశ్యం: మొదటి టార్గెట్ చేతిలో. నీలం పెన్ను.)

ఇందాకటి ఐదూ ఇవి. నల్లలో నాలుగు, బయట ఒకటి. సున్నాలు చుట్టేశాను. మూలన తేదీ, 25 మీటర్లు, ఏ తూటా, గాలి ఎటు నుంచి, అంతే రాశాను. గ్రూప్ ఎడమకి ఉంది కాబట్టి వెనక సైట్ రెండు క్లిక్‌లు కుడికి. ఇప్పుడు ఎర్ర పెన్ను జేబులో పెట్టుకుని కాల్చడానికి మళ్ళీ బోర్లా పడుకుంటున్నాను.