ఆంప్ డిస్టార్షన్ కొలిచారు సరే, ఖాళీ తక్కెడ చూశారా?

[టేబుల్ మీద లాప్‌టాప్, చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు, ఒక క్లాస్-డి (స్విచింగ్ పద్ధతిలో నడిచే) ఆంప్ బోర్డు]

పోయిన వారం ఒకాయన నాకు స్క్రీన్‌షాట్ పంపారు. సొంతంగా కట్టుకున్న ఆంప్లిఫయర్, సౌండ్ కార్డుతో టోన్ పంపి, ఆంప్‌లోంచి వచ్చింది మళ్ళీ దానితోనే కొలిచారు. టీహెచ్‌డీ, అంటే ఆంప్ తనంతట తాను కలిపే హార్మోనిక్‌ల కల్తీ, 0.004 శాతం. "పెద్ద కంపెనీల ఆంప్‌లకి కూడా ఇంత రాదు కదన్నా" అన్నారు. నేను ఒక్కటే అడిగాను. ఆంప్ పక్కన పెట్టేసి, సౌండ్ కార్డు అవుట్‌పుట్‌ని తిన్నగా దాని ఇన్‌పుట్‌కే కలిపి ఎప్పుడైనా కొలిచారా? లేదన్నారు. కొలిచి పంపమన్నాను. పంపారు. 0.004 శాతం!

అయ్యా, మీరు కొలిచింది ఆంప్‌ని కాదు. మీ సౌండ్ కార్డుని.

ఈ నెలలో ఇది నాలుగోసారి, అందుకే ఈ వీడియో. డిస్టార్షన్ అంటే ఏంటి, హార్మోనిక్ అంటే ఏంటి, అవన్నీ వివరంగా మళ్ళీ చెప్పను. ఇక్కడిదాకా వచ్చారంటే మీకు తెలిసే ఉంటుంది.

మా తాతగారు కూరగాయలు కొనేటప్పుడు ముందు ఖాళీ తక్కెడ ఎత్తి చూపించమనేవారు. ముల్లు నిటారుగా నిలబడాలి. ఒక పళ్ళెం వాలిందా, "పాసంగం ఉందయ్యా, సరిచెయ్" అనేవారు. కూరగాయలవాడు విసుక్కుంటూ రెండో పళ్ళెంలో ఒక రాయి వేసేవాడు. అప్పటిగ్గానీ వంకాయలు పడేవి కాదు. మన ఆడియో భాషలో దాన్నే లూప్‌బ్యాక్ టెస్ట్ అంటారు. సౌండ్ కార్డు మన తక్కెడ. దాని పాసంగం ఎంతో తెలియకుండా వంకాయల బరువు చెప్పకూడదు.

[స్క్రీన్ మీద: ఆర్ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్, ఆర్‌టీఏ (ఎనలైజర్) విండో]

నేను వాడేది రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్, అందరూ ఆర్ఈడబ్ల్యూ అంటారు. జాన్ మల్‌కాహీ రాసింది, ఉచితంగా దొరుకుతుంది. పేరు చూసి గది ధ్వని సరిచేయడానికే అనుకోకండి, డిస్టార్షన్ కొలవడానికి భేషుగ్గా పనికొస్తుంది. విండోస్‌లో ఆర్టా అనే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉన్నా ఇవే సూత్రాలు.

జనరేటర్‌లో 1 కిలోహెర్ట్జ్ సైన్. ఎఫ్‌ఎఫ్‌టీ అంటే సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీల వారీగా చిన్న చిన్న గళ్ళుగా, అంటే బిన్‌లుగా విడగొట్టే లెక్క. ఫ్రీక్వెన్సీని ఎఫ్‌ఎఫ్‌టీ బిన్‌కి లాక్ చేసే టిక్కు ఉంటుంది, అది పెట్టండి. ఎఫ్‌ఎఫ్‌టీ పొడవు 65536, విండో బ్లాక్‌మన్-హారిస్. లాప్‌టాప్ మైక్ జాక్ మాత్రం వాడొద్దు. అది ఒకటే చానెల్, పైగా మైక్ కోసం అందులో కాస్త వోల్టేజీ కూడా వస్తుంటుంది. వంకాయల తక్కెడతో బంగారం తూచినట్టే. లైన్ ఇన్‌పుట్ ఉన్న కార్డు కావాలి.

చూడండి, నా కార్డు లూప్‌బ్యాక్. వెయ్యి దగ్గర పెద్ద గీత. 2 వేల దగ్గర చిన్నది, 3 వేల దగ్గర ఇంకోటి, ఇవే హార్మోనిక్‌లు. ఈ రెండూ నా పాసంగం. రెండూ కలిపి పెద్ద గీతతో పోలిస్తే మైనస్ 94 డీబీ (డెసిబెల్), అంటే 0.002 శాతం. లెక్క గుర్తుంచుకోవడం తేలికే. మైనస్ 40 అంటే 1 శాతం, మైనస్ 60 అంటే 0.1, మైనస్ 80 అంటే 0.01. ప్రతి 20కీ ఒక సున్నా చేరుతుంది.

ఇప్పుడు ఎక్కువ మంది పొరబడే చోటు. "సరే, ఆంప్‌తో కలిపి 0.004 వచ్చింది, కార్డుది 0.002, తీసేస్తే ఆంప్‌ది 0.002" అంటారు. తక్కెడలో అయితే కుదురుతుంది, రాయి బరువు తీసేస్తే చాలు. ఇక్కడ కుదరదు. హార్మోనిక్‌కి ఫేజ్ ఉంటుంది, అంటే అల ఏ క్షణంలో లేస్తుంది, ఏ క్షణంలో పడుతుంది అన్నది. కార్డు పుట్టించిన 2 కిలోహెర్ట్జ్, ఆంప్ పుట్టించిన 2 కిలోహెర్ట్జ్ ఒకే ఫేజ్‌లో ఉంటే కలిసి పెరుగుతాయి, ఎదురు ఫేజ్‌లో ఉంటే ఒకదాన్నొకటి తినేస్తాయి. వంకాయలు పళ్ళెంలో వేస్తే బరువు తగ్గడం ఎక్కడైనా చూశారా? ఇక్కడ నేను చూశాను. ఆంప్ పెట్టాక వచ్చిన అంకె లూప్‌బ్యాక్ కన్నా తక్కువ! దాన్ని పండగ చేసుకుని గ్రూపుల్లో పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు, ఏం చెప్పమంటారు.

అందుకని పాసంగాన్ని లెక్కలోంచి తీసేయడం కాదు, అసలు అడ్డురానంత చిన్నదిగా ఉండేలా చూసుకోవాలి. కార్డు డిస్టార్షన్ ఆంప్ కన్నా 20 డీబీ కింద ఉంటే పొరపాటు ఒక డీబీ లోపే. 10 డీబీయే కింద ఉంటే దాదాపు 3 డీబీ దాకా అటూ ఇటూ అవుతుంది. రెండూ సమానమైతే ఆ అంకెకి అర్థమే లేదు, మన స్క్రీన్‌షాట్ ఆయన సంగతి అదే.

ఇంకో సంగతి, కింద పచ్చగడ్డిలా ఊగుతోందే, నాయిస్. అది మైనస్ 140 దగ్గరుంటే "నా కార్డు నాయిస్ మైనస్ 140" అనేస్తారు. కాదండీ. 65536 పాయింట్ల ఎఫ్‌ఎఫ్‌టీ అంటే మొత్తం నాయిస్‌ని 32768 పొట్లాలుగా కట్టి పక్కపక్కన పెట్టడం. మీరు చూస్తున్నది ఒక్క పొట్లం బరువు. మొత్తం బస్తా దానికన్నా దాదాపు 45 డీబీ పైన ఉంటుంది. నమ్మకం లేకపోతే పొడవు రెట్టింపు చేయండి, గడ్డి 3 డీబీ కిందికి దిగుతుంది, హార్మోనిక్ గీతలు కదలవు. ఎందుకంటే హార్మోనిక్ మొత్తం ఒకే పొట్లంలో ఉంటుంది. గడ్డిలో దాక్కున్న హార్మోనిక్‌ని బయటికి లాగే ఉపాయం కూడా అదే. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చేది ఇదే.

[కెమెరా కోతి వైపు... కోతి కాదు, కోఠి! హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొన్న బోర్డు వైపు]

కంసాలి త్రాసు గాజు పెట్టెలో ఎందుకుంటుంది? ఫ్యాను గాలికి ముల్లు ఊగకుండా. మనకి ఆ గాలి ఇంటి కరెంటు నుంచి వచ్చే 50 హెర్ట్జ్ హమ్. 50, 100, 150 దగ్గర గీతలు లేచాయంటే చాలావరకు గ్రౌండ్ లూప్, అంటే పరికరాల గ్రౌండ్‌లు రెండు దారుల్లో కలిసి ఒక చుట్టు కట్టడం. లాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి, చాలాసార్లు అక్కడితో పోతుంది.

అదే త్రాసు మీద బియ్యం బస్తా వేస్తే? విరుగుతుంది. 50 వాట్లు, 8 ఓములు అంటే 20 వోల్టులు. మామూలు లైన్ ఇన్‌పుట్ తట్టుకునేది రెండు వోల్టుల చిల్లర. మధ్యలో 9.1 కిలో ఓమ్, 1 కిలో ఓమ్ రెసిస్టర్లతో పదో వంతుకి తగ్గించండి. లేకపోతే ముందు కార్డు ఇన్‌పుట్ క్లిప్ అవుతుంది (అల నెత్తి తెగిపోతుంది), మీరేమో ఆంప్‌ని తిడతారు. ఆ తర్వాత కార్డే పోతుంది.

అయ్యో, టైము పన్నెండు నిమిషాలు దాటింది. మిగతాది త్వరగా చెప్పేస్తా.

ఈ చైనా క్లాస్-డి బోర్డుల్లో చాలావాటికి స్పీకర్ మైనస్ అంటే గ్రౌండ్ కాదు. రెండు తీగల్నీ ఆంపే నడుపుతుంది, బ్రిడ్జ్ అవుట్‌పుట్. దాని మైనస్‌ని సౌండ్ కార్డు గ్రౌండ్‌కి కలిపారో, బోర్డు ఢాం. డిఫరెన్షియల్‌గా, రెండు తీగలకీ చెరో అటెన్యుయేటర్ (ఇందాకటి వోల్టేజీ తగ్గించే రెసిస్టర్ల జత) పెట్టి బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌కి, అంటే రెండు తీగల మధ్య తేడాని కొలిచేదానికి ఇవ్వాలి. వాటి అవుట్‌పుట్‌లో కొన్ని వందల కిలోహెర్ట్జ్ స్విచింగ్ కూడా కారుతుంది, లో-పాస్ ఫిల్టర్ పెట్టకపోతే కార్డు తికమక పడుతుంది.

డబ్బా మీద 50 వాట్లు అని రాసి కింద చీమల అక్షరాల్లో "10 శాతం టీహెచ్‌డీ దగ్గర" అని ఉంటుంది. 10 శాతం అంటే సైన్ వేవ్ నెత్తి కోసేశారన్నమాట. వేల వాట్లని గొప్పలు చెప్పే పీఎంపీవో స్టిక్కర్లకి తమ్ముడు ఇది. ఒక్క అంకెతో ఆగకండి, వాట్లు పెంచుకుంటూ పోయి ఎక్కడ గీత పైకి ఎగిరిందో చూడండి.

విండోస్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్లు ఆపండి. కార్డు మీద డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటే అదీ ఆపండి.

స్పీకర్ బదులు 8 ఓముల పవర్ రెసిస్టర్ పెట్టండి, ఇంట్లోవాళ్ళు బతుకుతారు. 50 వాట్లు దానిలోకి పోతే అది పెనంలా కాలుతుంది, చెక్క మీద పెట్టొద్దు. ఇదిగో, ఈ మూల నల్లటి మచ్చ కనిపిస్తోందా? మా ఆవిడకి కాఫీ కప్పు మచ్చ అని చెప్పాను.