మూడు రంగుల డెక్ కావాలా? అయితే ముందు ల్యాండ్లు ఏరుకోండి

హాయ్ అండి, అందరికీ నమస్తే. ఇవాళ మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో డ్రాఫ్ట్ గురించి, అంటే ప్యాకుల్లోంచి కార్డులు ఏరుకుని డెక్ కట్టి ఆడటం గురించి మాట్లాడుకుందాం. ఇందులో ల్యాండ్ కార్డులు మానా అనే శక్తినిస్తాయి, మిగతా కార్డులు ఆ మానా ఖర్చుపెట్టి వేస్తాం. డ్రాఫ్ట్ మాటొస్తే నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇది: "అన్నా, మూడు రంగుల డెక్ కట్టాను, చేతినిండా మంచి కార్డులే, కానీ వేయడానికి మానా రాదు. షఫ్లింగ్‌లోనే ఏదో మోసం ఉంది కదా?"

మోసం లేదండి. ఆ ఆట షఫ్లింగ్‌లో పోలేదు. అంతకుముందే, డ్రాఫ్ట్‌లో ల్యాండ్ పక్కన పెట్టి మెరిసే కార్డు తీసుకున్నప్పుడే సగం పోయింది. ఈ వీడియో మొత్తం దాని గురించే.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్పేస్తా. ఎనిమిది మంది కూర్చుంటారు, ఒక్కొక్కరికీ మూడు ప్యాకులు. ప్యాక్ విప్పి ఒక కార్డు తీసుకుని (దీన్నే పిక్ అంటాం) మిగతావి ఎడమ పక్కవాళ్లకి ఇస్తారు. రెండో ప్యాక్ కుడివైపు తిరుగుతుంది, మూడోది మళ్లీ ఎడమకి. చివరికి మీ దగ్గరున్న వాటితో 40 కార్డుల డెక్ కడతారు. రంగులు ఐదు: తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ. మామూలు ల్యాండ్లు, అంటే అదే రంగుల వరసలో ప్లెయిన్స్, ఐలండ్, స్వాంప్, మౌంటెన్, ఫారెస్ట్, ఎన్ని కావాలంటే అన్ని ఊరికే ఇస్తారు. రెండు రంగుల మానా ఇచ్చే ల్యాండ్ మాత్రం ఊరికే రాదు. ఒక పిక్ ఖర్చుపెట్టి తెచ్చుకోవాలి. చాలామంది చెయ్యి వెనక్కి లాగేది సరిగ్గా అక్కడే.

ఉదాహరణకి నేను తీసుకుంటున్న సెట్ కాన్స్ ఆఫ్ టార్కిర్. 2014 సెప్టెంబర్‌లో వచ్చింది, 2023 డిసెంబర్‌లో అరీనాలో, అంటే మ్యాజిక్ ఆన్‌లైన్‌లో ఆడే యాప్‌లో కూడా పెట్టారు. మూడు రంగుల డ్రాఫ్ట్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సెట్ నా దృష్టిలో లేదు. ఇందులో ఐదు తెగలు. అబ్జాన్: తెలుపు, నలుపు, ఆకుపచ్చ. జెస్కాయ్: నీలం, ఎరుపు, తెలుపు. సుల్తాయ్: నలుపు, ఆకుపచ్చ, నీలం. మార్డు: ఎరుపు, తెలుపు, నలుపు. టెమూర్: ఆకుపచ్చ, నీలం, ఎరుపు. సుల్తాయ్‌లో మనకి తెలిసినవాళ్లే కనిపిస్తారు, నాగలు, రాక్షసులు. కాకపోతే ఈ రాక్షసులకి పిల్లి మొహాలు, అమ్మమ్మ కథల్లో వినుంటే గుర్తుపట్టలేరు.

సరే, మొదటి ప్యాక్, మొదటి పిక్. స్క్రీన్ మీద చూడండి. మనకి పనికొచ్చేవి మూడున్నాయి. అబ్జాన్ గైడ్: మూడు రంగుల క్రీచర్, అంటే మన తరఫున పోరాడే జీవి, 4/4 (నాలుగు డ్యామేజ్ కొడుతుంది, నాలుగు పడితే చస్తుంది), లైఫ్‌లింక్ (కొట్టినంత లైఫ్ మనకి వస్తుంది). డెబిలిటేటింగ్ ఇంజురీ: రెండు మానా, ఒక్క నలుపు గుర్తు, ఎదుటివాడి క్రీచర్‌కి మైనస్ 2, మైనస్ 2. మూడోది స్కౌర్డ్ బారెన్స్: తెలుపు గానీ నలుపు గానీ ఇచ్చే ల్యాండ్. ట్యాప్ అయి వస్తుంది, అంటే వేసిన టర్న్‌లో మానా ఇవ్వదు, వస్తూ ఒక లైఫ్ ఇస్తుంది.

చూపు గైడ్ మీదే ఆగుతుంది, ఒప్పుకుంటా. కార్డు బలమైనదే. కానీ ఆ టేబుల్ మీద దాన్ని ఆడగలిగేవాళ్లు ఎంతమంది? ఎనిమిది మందిలో అబ్జాన్ కట్టేది ఒకరో ఇద్దరో. మిగతావాళ్లకి అది చిత్తుకాగితంతో సమానం. ఇంజురీ అలా కాదు, నలుపు పట్టినవాళ్లందరికీ కావాలి. అబ్జాన్ వాడికి, సుల్తాయ్ వాడికి, మార్డు వాడికి, రెండు రంగుల్లో దూకుడుగా ఆడేవాడికి కూడా. కాబట్టి ఇంజురీ మళ్లీ మన చేతికి రాదు. గైడ్ ఆలస్యంగా వస్తుంది. ఒక్కోసారి అదే ప్యాక్ టేబులంతా తిరిగి తొమ్మిదో పిక్‌కి మన దగ్గరకి వచ్చేసరికి గైడ్ అందులోనే ఉంటుంది. మొదట ఇంజురీ తీసుకోండి.

దీనికి మినహాయింపులున్నాయి. సీజ్ రైనో కనిపిస్తే ఇంక ఆలోచన అనవసరం. నాలుగు మానాకి 4/5, ట్రాంపుల్ (అడ్డొచ్చిన క్రీచర్‌ని చంపగా మిగిలిన దెబ్బ ఆటగాడికి తగులుతుంది), వస్తూనే ఎదుటివాడికి మూడు లైఫ్ పోయి మనకి మూడు వస్తాయి. మూడు మానాకి 3/3, ఫ్లయింగ్ (ఎగురుతుంది), విజిలెన్స్ (కొట్టినా ట్యాప్ కాదు), హేస్ట్ (వచ్చిన టర్న్‌లోనే కొడుతుంది) ఉన్న మాంటిస్ రైడర్ కూడా అంతే. అలాంటి రేర్, అంటే అరుదుగా దొరికే కార్డు కోసం ఒక పిక్ పందెం కాయొచ్చు. నేను వద్దంటున్నది మూడు రంగులుండటమే గొప్ప అన్నట్టు కనిపించే మామూలు కార్డుల కోసం పందెం కాయడం.

ఇప్పుడు ఈ సెట్‌లో అసలు కీలకం. ఐదు రంగుల్లోంచి రెండేసి తీస్తే పది జంటలొస్తాయి. వాటిలో ఐదు జంటలు ఒక్కో తెగలోనే ఉంటాయి. మిగతా ఐదు రెండేసి తెగల్లో ఉంటాయి. తెలుపు-నలుపు చూడండి: అబ్జాన్‌లో ఉంది, మార్డులోనూ ఉంది. నలుపు-ఆకుపచ్చ అబ్జాన్, సుల్తాయ్. ఆకుపచ్చ-నీలం సుల్తాయ్, టెమూర్. నీలం-ఎరుపు టెమూర్, జెస్కాయ్. ఎరుపు-తెలుపు జెస్కాయ్, మార్డు. అదే తెలుపు-ఆకుపచ్చ అనుకోండి, అబ్జాన్ ఒక్కటే దారి.

అంటే మొదటి ప్యాక్‌లో తెలుపు-నలుపుతో మొదలుపెడితే మూడో రంగు ఆకుపచ్చా ఎరుపా అన్నది రెండో ప్యాక్ దాకా తేల్చక్కర్లేదు. అప్పటిదాకా తీసుకున్న స్కౌర్డ్ బారెన్స్ ఎటు వెళ్లినా పనికొస్తుంది. గోల్డ్ కార్డులకీ, అంటే వేయడానికి రెండు రంగులూ కావాల్సినవాటికీ ఇదే లెక్క. రాక్షస డెత్‌డీలర్ నలుపు-ఆకుపచ్చ, రెండే మానా, రెండు తెగల్లోనూ మొదటి వరస కార్డు. రమ్మీలో ఒక్క ముక్క వస్తే తప్ప కలవని సెట్టు పట్టుకుని కూర్చోం కదా, రెండువైపులా కలిసేది ఉంచుకుంటాం. ఇదీ అంతే. మొదటి నాలుగు పిక్‌లకే "నేను అబ్జాన్" అని డిసైడైపోకండి. పై నుంచి ఏ రంగులు ధారాళంగా వస్తున్నాయో చూడండి.

ఇప్పుడు లెక్కలు. కంగారు పడకండి, ఒక్క డెక్ మీదే చేస్తా.

అబ్జాన్ డెక్, 18 ల్యాండ్లు, 22 మిగతా కార్డులు. ముందు అన్నీ ఊరికే వచ్చే ల్యాండ్లే పెడదాం: 7 స్వాంప్, 6 ప్లెయిన్స్, 5 ఫారెస్ట్. ఆకుపచ్చ ఇచ్చేవి ఐదు. మనమే ముందు ఆడితే ఐదో టర్న్‌కి 11 కార్డులు చూసుంటాం, మొదటి చేతిలో 7, తర్వాత 4. ఆ పదకొండులో ఒక్క ఫారెస్ట్ అయినా ఉండే అవకాశం 82 శాతం. వినడానికి బానే ఉంది. తిప్పి చూస్తే ఐదారు ఆటలకి ఒకటి, ఐదో టర్న్ వచ్చినా ఆకుపచ్చ అస్సలు లేకుండా కూర్చుంటాం.

ఇప్పుడు అదే డెక్‌లో డ్రాఫ్ట్ చేసిన ల్యాండ్లు ఆరు పెడదాం. 2 స్కౌర్డ్ బారెన్స్, 2 జంగిల్ హాలో (నలుపు-ఆకుపచ్చ), 1 బ్లాసమింగ్ సాండ్స్ (ఆకుపచ్చ-తెలుపు), 1 శాండ్‌స్టెప్ సిటడెల్. సిటడెల్ మూడు రంగులూ ఇస్తుంది, అది అన్‌కామన్, అంటే కాస్త అరుదు, మిగతావన్నీ తేలిగ్గా దొరికే కామన్లే. వీటికి తోడు 5 స్వాంప్, 4 ప్లెయిన్స్, 3 ఫారెస్ట్. మొత్తం అదే 18. కానీ లెక్కపెట్టండి: నలుపు ఇచ్చేవి 10, తెలుపు 8, ఆకుపచ్చ 7. ఇందాక ఇవి 7, 6, 5. మూడు రంగులూ ఒకేసారి పెరిగాయి. ఆకుపచ్చ దొరక్కపోవడం ఐదారు ఆటలకి ఒకటి కాస్తా పన్నెండు ఆటలకి ఒకటి అయింది. ఆరు పిక్‌ల ఖర్చుకి ఇది వచ్చింది.

మరి ఆ ఆరు పిక్‌లలో పోగొట్టుకున్నదేంటి? మీ డెక్‌లో ఇరవై రెండో కార్డుగా బతిమాలుకుని పెట్టే ఓ సాదాసీదా క్రీచర్. ఇంకేం కాదు. అందుకే నేను వరస ఇలా పెట్టుకుంటా: ఆటని ఒంటిచేత్తో గెలిపించే కార్డులు, తర్వాత ఎదుటివాడి క్రీచర్‌ని చంపే కార్డులు, ఆ తర్వాత నా రంగుల ల్యాండ్లు. మామూలు క్రీచర్లు వాటి వెనకే. మూడో ప్యాక్‌లో అయితే ల్యాండ్‌ని ఇంకా పైకి జరుపుతా, ఎందుకంటే అప్పటికి నా మూడు రంగులేవో తెలిసిపోయుంటుంది.

స్ప్లాష్ గురించి ఒక్క మాట. మూడో రంగుని ఒకటి రెండు కార్డుల కోసమే పెడుతున్నారనుకోండి, ఆ కార్డు ఆట చివర్లో వేసినా పనికొచ్చేది అయుండాలి, దాని మీద ఆ రంగు గుర్తు ఒక్కటే ఉండాలి. యారో స్టార్మ్ మంచి కార్డే, నాలుగు డ్యామేజ్, కానీ రెండు ఎరుపు గుర్తులు. మూడు ఎరుపు ల్యాండ్లు పెట్టి దాన్ని స్ప్లాష్ చేస్తే ఆట అయ్యేదాకా చేతిలో పట్టుకుని చూస్తూ ఉండటమే.

ఇక మార్ఫ్. ఈ సెట్‌లో మూడు రంగులు నిజంగా నడవడానికి కారణం ఇదే. మార్ఫ్ ఉన్న ఏ కార్డునైనా ఏ రంగైనా సరే మూడు మానాకి బోర్లా పెట్టి 2/2గా ఆడొచ్చు. అబ్జాన్ గైడ్ మామూలుగా వేయాలంటే ఆరు మానా. బోర్లా వేస్తే మూడు, తర్వాత ఐదు మానాకి తిప్పొచ్చు, ఆ ఐదులో మూడు రంగులూ ఉండాలి. అంటే ఆకుపచ్చ రాకపోయినా మూడో టర్న్ వృథా కాదు. తెగకొకటి చొప్పున ఇలాంటి కామన్లున్నాయి: టెమూర్‌కి స్నోహార్న్ రైడర్, మార్డుకి పోనీబ్యాక్ బ్రిగేడ్, సుల్తాయ్‌కి అబామినేషన్ ఆఫ్ గుదుల్, జెస్కాయ్‌కి ఎఫ్రీత్ వెపన్‌మాస్టర్. అన్నీ ఆరు మానా, తిప్పడానికి ఐదు.

ఇంకో సంగతి, ఎదుటివాడి బోర్లా కార్డుని చూసి నాలుగో టర్న్‌లోనే భయపడకండి. ఐదు మానా లేనిదే ఏ మార్ఫూ తిరిగి మీ బోర్లా కార్డుని చంపి తాను బతికి బయటపడకుండా సెట్‌ని తయారుచేశారు. వాడికి నాలుగు ల్యాండ్లే ఉంటే ధైర్యంగా బ్లాక్ చేయండి. ఐదో ల్యాండ్ పడ్డాకే ఆలోచించండి. ఇందాక తీసుకున్న ఇంజురీ విలువ కూడా ఇక్కడే తెలుస్తుంది. వాడు మూడు మానా పెట్టి వేసిన దాన్ని మీరు రెండు మానాతో లేపేస్తారు, లోపల ఏ రేర్ ఉన్నా సరే.

బ్యానర్లు వద్దు. మూడు మానా పెట్టి మానా ఇచ్చే కార్డు అది, సరిగ్గా మార్ఫ్ వేయాల్సిన టర్న్‌లో. నేను ల్యాండ్ ఇంకోటి పెట్టుకుంటా.

అందరూ మూడు రంగులే కట్టాలని రూలేం లేదు. తెలుపు-నలుపు వారియర్స్ డెక్ ఉంది, చీఫ్ ఆఫ్ ద ఎడ్జ్, మార్డు హోర్డ్‌చీఫ్ లాంటివి పెట్టుకుని రెండో టర్న్ నుంచే కొట్టడం. మీరు ట్యాప్ అయి వచ్చే ల్యాండ్లు ఒక్కొక్కటే పెట్టుకుంటుంటే వాడు మీ లైఫ్ సగం తినేసుంటాడు. కాబట్టి ల్యాండ్లు ఏరుకోమన్నాను కదా అని పది పెట్టేసి రెండు మానా కార్డులు మర్చిపోతే కష్టమే. ట్యాప్ ల్యాండ్లు ఆరేడు ఉన్న డెక్‌లో మొదటి మూడు టర్న్‌లకి నాలుగైదు చవక కార్డులైనా ఉండాలి. ఇంకోవైపు, టేబుల్ మీద ఎవరూ ల్యాండ్లు ముట్టుకోవట్లేదని అనిపిస్తే ఐదు రంగులూ కట్టొచ్చు. గైడూ, అబామినేషనూ, స్నోహార్న్ రైడరూ ఒకే డెక్‌లో. వారియర్స్ ఎదురుపడితే మాత్రం ఆ ఆట తొందరగా ముగుస్తుంది.

2025 ఏప్రిల్‌లో వచ్చిన టార్కిర్ డ్రాగన్‌స్టార్మ్ ఆడేవాళ్లకి ఒక హెచ్చరిక. అవే ఐదు తెగలు, అవే రెండు రంగుల ల్యాండ్లు తిరిగొచ్చాయి, కాబట్టి జంటల లెక్క అలాగే పనిచేస్తుంది. కానీ మార్ఫ్ లేదు. రంగు రాని కార్డుని బోర్లా వేసి టర్న్ గడిపేసే వీల్లేదు, చేతిలోనే ఉండిపోతుంది. అక్కడ ల్యాండ్‌ని నేను ఇక్కడికన్నా ఒక పిక్ ముందే తీస్తా.

సరే, అరీనా ఓపెన్ చేస్తున్నా. కాన్స్ డ్రాఫ్ట్, మొదటి ప్యాక్. రేర్ ఏదో నీలం కార్డు, ఆరు మానా, మనకొద్దు. దాని పక్కనే జంగిల్ హాలో, ఆ పక్కన సావేజ్ పంచ్. రెండు మానా, ఆకుపచ్చ, మన క్రీచర్‌తో వాడి క్రీచర్‌ని కొట్టించడం. పంచ్ తీస్తున్నా. హాలో తొమ్మిదో పిక్‌కి తిరిగొస్తుందేమో చూద్దాం.