ఉప్పునేలలో తిరిగే పొక్లెయిన్‌కి తుప్పు ఎక్కడ మొదలవుతుంది?

నమస్తే అండీ. ఈ బూమ్, అంటే పొక్లెయిన్ ముందు లేచే పెద్ద దూలం, కిందిభాగం ఒకసారి చూడండి. కెమెరా ఇంకా దగ్గరికి తెస్తున్నా. పెయింట్ మీద బుడగలు పొంగినట్టు కనపడుతున్నాయా? గోటితో గీకుతున్నా... ఇదిగో, అప్పడంలా విరిగి వచ్చేసింది. కింద అంతా ఎర్రటి పొడి. ఈ పెయింట్ వేయించి ఏడాది కూడా కాలేదండీ. పైవైపు చూస్తే పసుపు రంగు ఇంకా మెరుస్తూనే ఉంది.

ఈ బండి పని ఎక్కువగా నరసాపురం, మొగల్తూరు వైపు రొయ్యల చెరువుల్లో. గట్లు పోయడం, పూడిక తీయడం. అక్కడ మట్టిలో ఉప్పు, నీళ్లలో ఉప్పు, వీచే గాలిలో కూడా ఉప్పే. సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. చెరువు నీళ్లలో అంత ఉండకపోవచ్చు గానీ, ఇనుముని తినడానికి అందులో కొంచెం చాలు.

తుప్పంటే వానాకాలం గొడవే అనుకుంటారు చాలామంది. ఎండల్లో బండికేం కాదులే అని వదిలేస్తారు. తీరంలో అలా కాదు. ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే ఉప్పు చెమ్మగిల్లి ముద్దకడుతుంది కదా, బండి మీదా జరిగేది అదే. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే మామూలు ఉప్పు దానంతటదే నీరైపోతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కి ఆ మాత్రం తేమ కూడా అక్కర్లేదు. మా వైపు చాలా రాత్రుళ్లు తేమ అంతకు మించే ఉంటుంది. అంటే చుక్క వాన పడకపోయినా ఉప్పుమట్టి పట్టిన బండి తెల్లవార్లూ తడిలోనే నానుతోందన్నమాట.

వాన పడితే పైనున్న ఉప్పు కొంతైనా కడుక్కుపోతుంది. బూమ్ అడుగున, చైన్ ఫ్రేమ్ లోపల, కింది ప్లేట్ల మీద వాన తగలదు కాబట్టి ఉప్పు అక్కడే ఉండిపోతుంది. ఇందాక చూసిన బుడగలు అడుగుభాగంలోనే ఎందుకు వచ్చాయో ఇప్పుడు తెలిసింది కదా.

కాబట్టి ఏ రోజు మట్టి ఆ రోజే వదిలించాలి, ఎండి గట్టిపడకముందే. ముందు చైన్ తిరిగే రోలర్ల దగ్గర ఇరుక్కున్నదాన్ని పారతో గీకి, తర్వాత నీళ్లు కొట్టాలి. ఏ నీళ్లన్నది చాలా ముఖ్యం. మా దగ్గర చాలా బోర్లలో వచ్చేది ఉప్పునీరే. దాంతో కడిగితే కొత్తగా ఉప్పు పూసినట్టే. కాలవ నీళ్లు దొరికితే వాటితోనే కడగండి. ప్రెషర్ గన్‌ని వైరింగ్ మీదకి, సీళ్ల మీదకి (ఆయిల్, గ్రీజు కారకుండా ఆపే రింగులు) సూటిగా పట్టకండి. కడిగాక కీళ్ల దగ్గరుండే పిన్నులన్నిటికీ గ్రీజు కొట్టాలి, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా. లోపలికి చేరిన నీళ్లు దాంతోపాటే బయటపడతాయి.

కొందరు కడిగాక కాలిన ఇంజిన్ ఆయిల్ పూస్తారు. దయచేసి వద్దండీ. దానికి దుమ్ము అంటుకుని పేరుకుంటుంది, రబ్బరు హోసులకి మంచిది కాదు, పైగా అది కారేది రొయ్యలున్న చెరువులోకి.

ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయం చెబుతాను. సిలిండర్ రాడ్, అంటే ఆయిల్ ఒత్తిడితో బయటికీ లోపలికీ జారుతూ బూమ్‌ని, బకెట్‌ని కదిపే మెరిసే కడ్డీ. ఆ మధ్య పని లేక బండిని రెండు నెలలు నిలిపేశాం. బకెట్ ముడిచి పెట్టి వెళ్లిపోయాం, అందరూ పెట్టేది అలాగే కదా. అలా పెడితే రాడ్ బయటికి చాచుకుని గాలికే ఉంటుంది. తిరిగొచ్చి చూస్తే రాడ్ మీద ఆవగింజంత చుక్కలు. తుడిస్తే పోయాయి, సరే అనుకున్నాను. వారానికి ఆయిల్ కారడం మొదలైంది. సీల్ కిట్ మార్చాం, మళ్లీ కారింది. మళ్లీ మార్చాం. తప్పు సీల్‌ది కాదండీ. రాడ్ మీది క్రోమ్ పూతలో కంటికి కనపడని సన్నటి పగుళ్లుంటాయి. ఉప్పునీరు వాటిలోంచి దిగి కింద ఇనుముని తినేస్తే, పైన క్రోమ్ గుంటపడుతుంది. ఆ గుంట అంచు రాడ్ వెళ్లొచ్చిన ప్రతిసారీ సీల్‌ని కోస్తుంది. చివరికి రాడ్‌కి మళ్లీ క్రోమ్ పట్టించాల్సి వచ్చింది. తుడిచాక గోరుతో రాసి చూడండి. గోరు పట్టిందంటే సీల్ మార్చి లాభం లేదు.

నాలుగు రోజులు బండి నిలపాలంటే బూమ్ చివరుండే చెయ్యి పూర్తిగా చాపి, బకెట్ తెరిచి, బూమ్ నేలకి దింపి పెట్టండి. రాడ్లు దాదాపు మొత్తం లోపలికి వెళ్లిపోతాయి. జాగా కాస్త ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి. బయట మిగిలిన కాస్త రాడ్‌కి గ్రీజు రాయండి. మళ్లీ బండి కదిపే ముందు ఆ గ్రీజు తుడవడం మర్చిపోకండి, దానికి ఇసుక అంటుకుని ఉంటుంది.

ఇక ఈ బుడగల సంగతి. గ్రైండర్ పట్టే ముందే మంచినీళ్లతో కడిగేశాను. లేకపోతే బ్రష్ ఆ ఉప్పుని గుంటల్లోకి నెట్టేస్తుంది. పొరలుగా లేచినదంతా సుత్తితో తట్టి రాల్చి, వైర్ బ్రష్ కొట్టాలి. గట్టిగా పట్టుకున్న పల్చటి తుప్పుకి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పుని గట్టి పొరగా మార్చే మందు, పనికొస్తుంది. లేచిన పొరల మీద పూస్తే దండగే. తర్వాత పెయింట్ కింద వేసే అడుగు పూత, ఎపాక్సీ ప్రైమర్. వెల్డింగ్ కుట్ల మీద, అంచుల మీద పెయింట్ పల్చబడుతుంది కాబట్టి ముందు వాటికి చేతి బ్రష్‌తో ఒక పూత వేసుకోవాలి. పొద్దున్నే మంచు చెమ్మ మీద వేయకండి. పది దాటాక, ఇనుము పూర్తిగా ఆరాక మొదలుపెట్టండి.

ఒక్క నిమిషం, ఇది చూడండి. ఇక్కడ బ్రష్ కొట్టాక వెల్డింగ్ పక్కన వెంట్రుకంత ఎర్రటి గీత మిగిలింది. తుడిస్తే పోతోంది, నీళ్లు పోసి ఆరనిస్తే మళ్లీ అక్కడే ఊరుతోంది. ఇది పైతుప్పు కాదు, పగులు. ఈ చోట ప్రైమర్ ముట్టించను. రేపు వెల్డర్ వస్తున్నాడు, దీన్ని తవ్వి అతుకు వేశాకే మిగతా పని.