వెనక నడిచే మనిషి

శ్రోతలకు నమస్కారం.

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలైనా చురుకైన నడకలాంటి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట. ఈ లెక్క మనలో చాలామందికి తెలిసిందే. నడక మొదలుపెట్టడం కష్టం కాదు. మానకుండా ఉండడమే కష్టం. మానకుండా ఉండడానికి ఫోనులోని స్నేహాలు ఎలా పనికొస్తాయో ఈ కాస్త సమయంలో చెబుతాను.

లండన్‌లో బుషీ పార్కు అని ఒక పెద్ద పార్కు ఉంది. 2004 అక్టోబరు 2, శనివారం ఉదయం. పాల్ సింటన్-హెవిట్ అనే ఆయనకు పరుగంటే ప్రాణం. గాయమై పరుగెత్తలేకపోతున్నారు. తాను పరుగెత్తలేకపోయినా తోటివారిని మాత్రం వదులుకోదలచుకోలేదు. వారిని పిలిచి 5 కిలోమీటర్ల పరుగు పెట్టారు. 13 మంది పరుగెత్తారు. ఆ తొలి రోజుల్లో గీత దాటినవారి చేతిలో అంకె వేసిన బిళ్ల పెట్టేవారు. ఆ బిళ్లలు ఏమిటో తెలుసా? ఇనుప సామాన్ల దుకాణంలో దొరికే వాషర్లు! నట్టు కింద వేస్తామే, అవే.

అదే ఇవాళ పార్క్‌రన్. 20కి పైగా దేశాల్లో జరుగుతోంది. పైసా రుసుము లేదు. ఇంటర్నెట్‌లో ఒక్కసారి పేరు నమోదు చేసుకుంటే ఒక బార్‌కోడ్ ఇస్తారు. ఏ ఊళ్లో పార్కుకు వెళ్లినా అదే చెల్లుతుంది. పరుగైనా సరే, నడకైనా సరే. 50వ సారి వచ్చినవారిని, 100వ సారి వచ్చినవారిని ప్రత్యేకంగా గుర్తిస్తారు. ఎంత వేగంగా వచ్చారని కాదు, ఎన్నిసార్లు వచ్చారని.

నాకు అన్నిటికంటే నచ్చింది మరొకటి. అక్కడ ఒక కార్యకర్త అందరికంటే వెనక నడుస్తారు. కావాలనే వెనక. మీరు ఎంత నెమ్మదిగా నడిచినా సరే, చివరి స్థానం మీది కాదు, ఆ కార్యకర్తది. మోకాళ్ల నొప్పితో తొలిసారి వచ్చిన మనిషికి అది ఎంత ధైర్యమో ఆలోచించండి.

మా కాలనీలో వాట్సాప్ నడక గ్రూపు ఉంది. మొదట్లో రోజూ అంకెలు పెట్టేవాళ్లం. ఒకరు 12,000 అడుగులు, మరొకరు 15,000. చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చేవి. తక్కువ నడిచినవారు రాయడం మానేశారు. రాయడం మానేసిన కొన్నాళ్లకు నడవడమూ మానేశారు. మోకాలి ఆపరేషన్ చేయించుకున్న ఒక అమ్మగారు నాతో అన్నారు: "మీ అంకెల పక్కన నా అంకె పెట్టాలంటే సిగ్గేసిందండీ." ఆ మాట నాకు గుచ్చుకుంది.

అంకెలు ఆపేశాం. నడిచి వచ్చినవారు 'నడిచాను' అని ఒక్క మాట రాస్తారు. పది నిమిషాలు నడిచినా 'నడిచాను', గంట నడిచినా 'నడిచాను'. నెలకొకరు వెనక నడిచే మనిషి. రెండు రోజులు ఎవరి మాటైనా కనిపించకపోతే వారికి ఫోను చేయడం ఆ మనిషి పని. గ్రూపులో పేరు పెట్టి అడగకూడదు, నలుగురిలో నిలదీసినట్టు ఉంటుంది. నేరుగా ఫోను చేయాలి. 'ఎందుకు మానేశారు' అని కాదు, 'రేపు ఆరు గంటలకు మీ గేటు దగ్గరికి వస్తాను' అని చెప్పాలి. దూరాన, వేరే ఊళ్లో ఉన్నవారైతే ఫోనులో మాట్లాడుకుంటూ ఎవరి వీధిలో వారు నడవవచ్చు. ఛాతీలో బరువుగా ఉందనో, ఆయాసమనో చెబితే మాత్రం నడకకు పిలవకండి, వెంటనే డాక్టరు దగ్గరికి పంపండి.

మీ గ్రూపులో ఈ ఒక్క పని మొదలుపెట్టి చూడండి. నెలకొక మనిషి, ఒక ఫోను, అంతే.

ఈ నెల వెనక నడిచే వంతు నాది. ఆ అమ్మగారు సోమవారం నుంచి ఏమీ రాయలేదు. స్టూడియో నుంచి బయటికి రాగానే ఆవిడకు ఫోను చేయాలి. సెలవు.