పంపు కొనే ముందు వేసుకోవాల్సిన లెక్క

అందరికీ నమస్కారం. తల్లిపాల వారోత్సవాలు కాబట్టి తల్లిపాలు ఎంత గొప్పవో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. అది మీకు తెలుసు. ఏడో నెల, ఎనిమిదో నెల గర్భిణులు నన్ను ఎక్కువగా అడిగేది వేరే ప్రశ్న. "రొమ్ము నుంచి పాలు తీయడానికి చేతి పంపు కొనాలా, ఎలక్ట్రిక్ పంపు కొనాలా?" ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

నేను వాళ్లను తిరిగి ఒకటి అడుగుతాను. మీరు పాలు ఎందుకు తీయాలి, రోజుకు ఎన్నిసార్లు తీయాల్సి వస్తుంది? ఆ లెక్క తేలితే పంపు సంగతి దానంతట అదే తేలుతుంది. ధర చూసి మొదలుపెడితే మాత్రం తేలదు.

బిడ్డ మీ పక్కనే ఉండి, రొమ్ము సరిగా పట్టుకుని తాగుతుంటే ఏ పంపూ అక్కర్లేదు. మూడో రోజో నాలుగో రోజో రొమ్ములు బిగిసి బిడ్డకు పట్టు దొరకకపోతే, చేత్తో కాస్త పాలు పిండితే మెత్తబడతాయి. ఇది ప్రతి తల్లీ కాన్పుకు ముందే తెలుసుకోవాలి. చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం అంచున ఒకవైపు బొటనవేలు, ఎదురుగా చూపుడువేలు పెట్టండి. ముందు ఛాతీ వైపు నొక్కండి, తర్వాత రెండు వేళ్లూ దగ్గరకు తెచ్చి వదలండి. వేళ్లు చర్మం మీద జారకూడదు, నొప్పి పుట్టకూడదు. ముర్రుపాలకైతే చెయ్యే మేలు. అవి చిక్కగా, కొద్దికొద్దిగా వస్తాయి. పంపు పెడితే దాని గోడలకే అంటుకుపోతాయి. చేత్తో పిండితే చుక్క కూడా వృథా కాకుండా చెంచాలో పడతాయి.

ఎప్పుడైనా ఒక పూట బయటికి వెళ్లాలి, పరీక్ష రాయాలి, బ్యాంకు పని ఉంది అనుకుంటే చేతి పంపు చాలు. కరెంటు అవసరం లేదు, చప్పుడు ఉండదు, ఎంత గట్టిగా లాగాలో మీ చేతిలోనే ఉంటుంది. అయితే ఒకసారికి ఒకవైపే తీయగలం, రెండు వైపులా అయ్యేసరికి అరగంట పట్టవచ్చు. కాన్పు తర్వాత మణికట్టు నొప్పి వచ్చినవాళ్లకు ఇది కష్టం. కొన్ని మందుల షాపుల్లో రబ్బరు బుడ్డితో ఉండే పాతరకం పంపు ఇంకా అమ్ముతున్నారు. దయచేసి అది కొనకండి. అది ఎంత బలంగా లాగుతుందో మన అదుపులో ఉండదు. పాలు బుడ్డిలోకి వెళితే లోపల శుభ్రం చేయడం కూడా కుదరదు.

ఉద్యోగానికి తిరిగి వెళ్లే తల్లుల లెక్క వేరు. 2017 నుంచి, ప్రసూతి సెలవుల చట్టం వర్తించే ఉద్యోగాల్లో మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల సెలవు ఉంది. అందులో 8 వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అలా వాడుకుంటే మిగిలేవి 18 వారాలు, అంటే బిడ్డకు నాలుగు నెలలు దాటగానే మీరు ఆఫీసులో ఉంటారు. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మరేమీ వద్దని డాక్టర్లు చెబుతున్నారు కదా, మధ్యలో ఆ రెండు నెలలూ ఎలా? 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లిరావచ్చనీ చట్టంలోనే ఉంది. ఆ సౌకర్యం ఉంటే నేరుగా పాలివ్వండి, అంతకన్నా మంచి మార్గం లేదు. లేకపోతే ప్రయాణంతో కలిపి తొమ్మిది, పది గంటలు బయట ఉండే తల్లి రెండు మూడుసార్లు పాలు తీయాలి. రెండు వైపులా ఒకేసారి తీసే ఎలక్ట్రిక్ పంపుతో ఒక్కోసారి 15 నుంచి 20 నిమిషాల్లో పని అయిపోతుంది. ఈ తల్లులు డబ్బుకు వెనుకాడవద్దని నా గట్టి అభిప్రాయం. పాలు మోటారులోకి వెళ్లకుండా మధ్యలో అడ్డు ఉన్న రకాన్నే తీసుకోండి. అక్క వాడిన పంపు చెల్లెలికి ఇవ్వడం ప్రేమే కానీ, ఒకరి కోసం చేసిన పంపును మరొకరు వాడకూడదు.

నెలలు నిండకుండా పుట్టి బిడ్డ ఐసీయూలో ఉంటే, మొదటి కొన్ని గంటల్లోనే పాలు తీయడం మొదలుపెట్టి, రాత్రితో కలిపి రోజుకు కనీసం ఎనిమిదిసార్లు తీయాలి. అంత వాడకానికి ఇంటి పంపులు ఆగవు. ఆస్పత్రిలో ఎందరో తల్లులు వాడుకునేలా చేసిన పెద్ద పంపు ఉందేమో అడగండి. పాలు తగిలే భాగాలు మాత్రం ఎవరివి వారికే ఉండాలి.

ఇంత చెప్పినా పంపు సగం పనే చేస్తుంది. దూడ దగ్గరికి రానిదే ఆవు చేపదు, మనకూ అంతే. బిడ్డ ఫొటో చూడటం, గోరువెచ్చని గుడ్డతో కాపడం, మెల్లగా మర్దన, ఇవన్నీ పాలు చేపడానికి తోడ్పడతాయి. 2016లో పాలు తీసే పద్ధతుల మీద పరిశోధనలను కలిపి చూసిన కోక్రేన్ (వైద్య పరిశోధనలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష కూడా, ఇలాంటి ఖర్చులేని పద్ధతులు కొన్ని విషయాల్లో పెద్ద ఎలక్ట్రిక్ పంపులతో సమానంగా, కొన్నిసార్లు అంతకన్నా బాగా పనిచేయవచ్చని చెప్పింది.

ఇక్కడ అత్తగార్లు, అమ్మలు కూడా ఉన్నారు. మీతో ఒక మాట. బిడ్డ తాగిన వెంటనే పంపు పెడితే సీసాలో 20, 30 మిల్లీలీటర్లే పడవచ్చు. అది మామూలే. ఆ సీసా చూసి "నీకు పాలు చాలడం లేదమ్మా" అనకండి. ఆ ఒక్క మాటతో డబ్బాపాలు ఇంట్లోకి వస్తాయి. బిడ్డ తాగడం తగ్గుతుంది, తాగడం తగ్గితే నిజంగానే పాలు తగ్గుతాయి. బిడ్డ బరువు పెరుగుతోందా, రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తోందా, అది చూడండి.

తీసిన పాలు చల్లని గదిలో నాలుగు గంటలు ఉంటాయి. మన వేసవిలో ఆ లెక్క పనికిరాదు, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. తలుపు అరల్లో కాకుండా లోపలివైపు పెడితే నాలుగు రోజులు ఉంటాయి. వేడినీళ్ల గిన్నెలో ఉంచి వెచ్చచేయండి, మైక్రోవేవ్ వద్దు. పట్టడానికి సీసా కన్నా మన ఉగ్గుగిన్నె మంచిది. పాలు తగిలిన భాగాలను ప్రతిసారీ సబ్బునీళ్లతో వేరే గిన్నెలో కడగాలి. రెండు నెలల లోపు బిడ్డ ఉంటే రోజుకొకసారి ఐదు నిమిషాలు మరిగించాలి. ఈ పని ఇంట్లో మగవాళ్లు తీసుకోవచ్చు.

పంపు పెట్టినప్పుడు నొప్పి వస్తే ఓర్చుకోకండి. ఎక్కువ బలంగా లాగితే ఎక్కువ పాలు రావు. చాలా పంపులతో, చనుమొన దూరే చోట 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉండే కప్పు వస్తుంది, అది అందరికీ సరిపోదు. పక్క గదిలో నాలుగు సైజులు పెట్టాం. ఇప్పటికే పంపు కొన్నవాళ్లు తీసుకుని రండి, మీకు ఏది సరిపోతుందో ఒక్కొక్కరికీ చూసి చెబుతాను.